ఎగువ అహోబిలం దారిలో గేరు జారితే

దిగువ అహోబిలంలో ప్రహ్లాద వరదుని గుడి దాటాక ఎగువకు ఎనిమిది కిలోమీటర్లు. తిరుమల ఘాట్ అంత పొడవైన దారి కాదు. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే ఘాట్‌లో ఉన్నంత లారీల రద్దీ కూడా ఇక్కడ ఉండదు. అయినా గేర్‌బాక్స్‌లో దాగి ఉన్న లోపాన్ని బయటపెట్టడంలో ఇది దేనికీ తీసిపోదు. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో బయల్దేరిన కారు నిండా మనుషులతో, ఏసీతో గంటల తరబడి వేడెక్కి ఆళ్లగడ్డ చేరుతుంది. అక్కడి నుంచి ఇంకో పాతిక కిలోమీటర్లు చదునులో పోయి, ఇంజను చల్లబడే వ్యవధి లేకుండానే కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. మే నెలలో ఈ ప్రాంతపు ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటడం కొత్త కాదు. స్వాతి నక్షత్రం రోజునో, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడో అయితే ముందు బండి ఆగితే వెనక బండి ఆగుతూ, జానెడు జానెడు కదులుతూ పైకి పోవాలి. గేర్‌బాక్స్‌కు వంద కిలోమీటర్ల వేగం కంటే ఈ జానెడు కదలికే ఎక్కువ కష్టం.

అలాంటి చోట బండి ఆగితే డ్రైవర్ నోట వచ్చే మాట ఒక్కటే: "అన్నా, గేరు ఇడిసిపెడతాంది." మెకానిక్ వినేదీ ఆ ఒక్క మాటే. చాలాసార్లు అక్కడి నుంచే ఖర్చు దారి తప్పుతుంది. ఎందుకంటే ఆ మాట కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. ఒకటి, రేజ్ చేస్తే ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది కానీ బండి లాగదు. రెండు, నడుస్తూ నడుస్తూ గేరు దానంతటదే న్యూట్రల్‌లో పడిపోతుంది. మూడు, డీ (డ్రైవ్)లో వేసినా రెండు మూడు సెకన్ల దాకా గేరు పట్టదు, పట్టినప్పుడు దబ్బున కుదుపుతుంది. నాలుగు, లివర్ ఒకచోట ఉంటుంది, గేర్‌బాక్స్ ఇంకోచోట ఉంటుంది. వీటిలో ఏది జరిగిందో తేల్చకుండా గేర్‌బాక్స్ దింపించడం డబ్బును నల్లమల అడవిలో పారబోయడమే.

అసలు జబ్బే కానివి ముందు పక్కన పెట్టాలి. ముల్లు కూడా లేవకుండా బండి మూలుగుతూ ఆగిపోతే తప్పు గేర్‌బాక్స్‌ది కాదు, ఇంజనుది. టర్బో గాలి లీకవడమో, ఒక సిలిండర్ సరిగా మండకపోవడమో, ఫిల్టర్ మూసుకుపోవడమో అయి ఉంటుంది. ముల్లు లేచి వేగం పెరగకపోతేనే అది జారడం. పిండిమరలో బెల్టు జారినప్పుడు మోటారు తిరుగుతూనే ఉండి రాయి ఆగిపోతుంది చూడండి, అదే ఇది. సీవీటీ బండ్లలో మాత్రం ఈ గుర్తు మోసం చేస్తుంది. వాటిలో మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు కాబట్టి గట్టిగా తొక్కితే ఇంజను మోత ముందు, వేగం తర్వాత రావడం వాటి నైజమే. అలాగే ఏఎంటీ బండి గేరు మార్చేటప్పుడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి ముందుకు పోతుంది. దాన్నీ జారడం అనుకుని షెడ్డుకు తెచ్చేవాళ్లున్నారు. అది లోపం కాదు, ఆ పద్ధతి తీరే అంత.

మన రోడ్ల మీద తక్కువ ధర ఆటోమేటిక్ అంటే ఎక్కువగా ఈ ఏఎంటీనే. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలేరియోతో ఇది సామాన్యుడి ధరలోకి వచ్చింది. అంతకుముందు ఆటోమేటిక్ అంటే డబ్బున్నవాళ్ల సంగతి. కాలు నొప్పులున్న పెద్దవాళ్లు, కొత్తగా బండి నేర్చుకున్న ఆడపిల్లలు, ఊళ్లో ట్రాఫిక్‌తో విసిగిన ఉద్యోగులు దీనివల్ల ఎంతో సుఖపడ్డారు. అందుకే దీని బలహీనతలు కొన్నవాళ్లకు తెలిసి ఉండాలి. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ ప్లేటూ అదే. మన ఎడమ కాలూ ఎడమ చెయ్యీ చేసే పనిని ఒక యాక్చువేటర్ చేస్తుంది, దానికి ఒక కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తుంది. మాగ్నెటి మారెల్లి తరహా యంత్రాల్లో చిన్న కరెంటు పంపు ఆయిల్‌ను ఒత్తిడితో నింపి ఉంచుతుంది, ఆ ఒత్తిడే క్లచ్‌నూ గేర్లనూ కదుపుతుంది. డ్రైవర్ తలుపు తీయగానే బానెట్ కింద గుయ్‌మని ఒక చిన్న మోత వస్తుందే, అదే ఆ పంపు.

ఆ మోత వినడం నేర్చుకుంటే సగం సంగతి తెలుస్తుంది. తలుపు తీసినప్పుడు కాసేపు మోగి ఆగాలి. బండి నడుస్తుండగా కూడా ఊరికే మాటిమాటికీ మోగుతుంటే ఒత్తిడి ఎక్కడో పోతోందన్నమాట. ఆయిల్ కారుతోందేమో, ఒత్తిడిని నిల్వ ఉంచే డబ్బా అలసిపోయిందేమో చూడాలి. అసలు మోగకపోతే ఫ్యూజు, రిలే, వైర్లు చూడాలి. అడవి అంచున, సత్రాల దగ్గర రాత్రి నిలిపిన బండ్లకు ఎలుకలు వైర్లు కొరికే బెడద ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేస్తే గేరు పడకపోవడానికి అదీ కారణం కావచ్చు. బ్యాటరీ నీరసించినా యాక్చువేటర్ తడబడుతుంది. బ్రేక్ పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్ చెడితే, మనం బ్రేకు తొక్కినా కంప్యూటర్‌కు ఆ కబురు అందదు కాబట్టి గేరు ఒప్పుకోదు. వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా అని ఒక మనిషిని నిలబెట్టి చూస్తే పైసా ఖర్చు లేకుండా ఈ అనుమానం చాలావరకు తీరుతుంది.

ఘాట్‌లో ఏఎంటీని చంపేది మాత్రం ఇవేవీ కావు, మన కుడికాలు. ఎత్తులో ముందు బండి ఆగినప్పుడు బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్‌ను కొద్దిగా నొక్కి పట్టుకుని బండిని అక్కడే నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. అప్పుడు క్లచ్ ప్లేటు సగం పట్టి సగం జారుతూ ఒరుసుకుంటుంది. రెండు మూడు నిమిషాలు ఇలా చేస్తే మాడిన వాసన, ఆ తర్వాత హెచ్చరిక లైటు, బీప్ మోత. కొన్ని బండ్లలో కంప్యూటరే క్లచ్‌ను వదిలేస్తుంది. డాష్ మీద 'ఎన్' మిణుకుమంటుంది. "గేరు ఇడిసిపెట్టింది" అనేది అప్పుడే. నిజానికి అది తనను తాను కాపాడుకుంటోంది. ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇరవై ముప్పై నిమిషాలు చల్లబడనిస్తే చాలామటుకు మళ్లీ నడుస్తుంది. చల్లబడ్డాక కూడా జారుతుంటే ప్లేటు అరిగిపోయినట్టే. ప్లేటు మార్చినవాళ్లు కంప్యూటర్‌కు కొత్త క్లచ్ పట్టే చోటును స్కానర్‌తో నేర్పించాలి. అది చేయకుండా బండి ఇచ్చేస్తే కొత్త ప్లేటుతో కూడా పాత జబ్బు కనిపిస్తుంది, ఓనరుకేమో మోసపోయానన్న బాధ మిగులుతుంది.

ఎక్కేటప్పుడు కాకుండా దిగేటప్పుడు, కాలు తీసిన క్షణంలోనో గుంతలో పడ్డప్పుడో గేరు ఎగిరిపోతుంటే సంగతి వేరు. అది గేర్‌బాక్స్ లోపలి పళ్లు, ఫోర్కు, గేరును పట్టి ఉంచే స్ప్రింగు అరిగిన గుర్తు. మాన్యువల్ బండ్లలో పాత మేస్త్రీలందరికీ తెలిసిన జబ్బే. స్కానర్ చూపించే కోడు యాక్చువేటర్‌ది కావచ్చు, లోపం మాత్రం ఇనుములో ఉంటుంది.

టార్క్ కన్వర్టర్ ఉన్న అసలైన ఆటోమేటిక్‌లలో, ఇన్నోవా క్రిస్టా లాంటి బండ్లలో, కథంతా ఆయిల్ మీదే నడుస్తుంది. ఇంజను శక్తి చక్రాలకు అందేదీ, లోపలి క్లచ్‌లు బిగిసేదీ, వేడి బయటకు పోయేదీ ఆ ఒక్క ద్రవంతోనే. అర లీటరు తగ్గినా చదును రోడ్డు మీద తెలియకపోవచ్చు. ఎత్తు మలుపులో ఆయిల్ ఒకవైపుకు ఒరిగి పంపు గాలి పీల్చుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది, ముల్లు లేస్తుంది. ఆళ్లగడ్డ దాకా ఏ లోపమూ చూపని బండి ఎగువ అహోబిలం మలుపులో జారిందంటే మొదట అనుమానించాల్సింది ఇదే.

చూసే పద్ధతి ఉంది. బండి సమంగా ఉన్న చోట నిలపాలి, గుడి కింద వాలులో కాదు. ఇంజను బాగా వేడెక్కి ఉండాలి. బ్రేకు తొక్కి లివర్‌ను అన్ని స్థానాల్లో ఒక్కోసారి తిప్పి మళ్లీ పీ (పార్కింగ్)లోకి తేవాలి. ఇంజను నడుస్తుండగానే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. హోండా లాంటి కొన్నింట్లో ఇంజను ఆపిన వెంటనే చూడమంటారు, కాబట్టి ఆ బండి పుస్తకం చెప్పిందే మాట. ఆ చుక్కను తెల్ల గుడ్డ మీద రాయండి. ఎర్రగా, అవతల కనపడేంత తేటగా ఉంటే మంచిది. గోధుమ రంగుకు తిరిగి మాడిన వాసన వస్తే లోపలి క్లచ్‌లు కాలాయి. గులాబీ రంగు మజ్జిగలా ఉంటే రేడియేటర్ లోపల చిల్లుపడి కూలెంట్ కలిసింది, ఆ బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. ఎండలో పెట్టినప్పుడు మెరుపు రవ్వలు కనిపిస్తే ఇనుము అరుగుతోంది. ఇంజను ఆయిల్‌లా ఇది మండి తగ్గేది కాదు. తగ్గిందంటే కారుతోందనే అర్థం, కాబట్టి పోసి ఊరుకోవడం కాదు, ఎక్కడ కారుతోందో వెతకాలి. ఈ మధ్య వచ్చే చాలా బండ్లకు డిప్‌స్టిక్కే ఉండదు. లిఫ్టు ఎక్కించి, నిర్ణీత ఉష్ణోగ్రతలో కింది బోల్టు విప్పి చూడాలి. ఓనరు తన కంటితో చూసుకునే వీలు తీసేయడం నాకు ఏ మాత్రం నచ్చని మార్పు.

ఆయిల్ సరిగ్గా ఉండి కూడా జారితే, ఎప్పుడు జారుతోందన్నదే మెకానిక్‌కు కావాల్సిన కబురు. పొద్దున చలిలో ఆలస్యంగా పట్టి, వేడెక్కాక బాగుంటే లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయి. చల్లగా బాగుండి వేడెక్కాక జారితే పలచబడిన ఆయిల్ అరిగిన సందుల్లోంచి తప్పించుకుంటోంది, వాల్వ్ బాడీ చూడాలి. ఒక్క మూడో గేరులోనే జారితే ఆ గేరు క్లచ్. అన్ని గేర్లలోనూ జారితే పంపు, ఫిల్టర్, కన్వర్టర్. ఇవి స్కానర్ కంటే ముందు మనిషి చెప్పగల సంగతులు. స్కానర్ 'పి0730' అని చూపిస్తే కంప్యూటర్ అడిగిన నిష్పత్తిలో గేరు తిరగడం లేదని మాత్రమే అర్థం, ఏ భాగం మార్చాలో అది చెప్పదు. 'పి0218' అంటే గేర్‌బాక్స్ మితిమీరి వేడెక్కింది. 'పి0700' అయితే మరీ ఘోరం, గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో వేరే కోడు ఉంది, వెళ్లి చూడమనడమే దాని అర్థం. ఆ ఒక్క కోడు చూసి బిల్లు రాసే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోవడం మంచిది.

రెండు క్లచ్‌ల డీసీటీ గురించి ప్రపంచం చాలా చేదు అనుభవం మూటగట్టుకుంది. ఒక క్లచ్ బేసి గేర్లను, ఇంకోటి సరి గేర్లను చూసుకుంటుంది. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు డీఎస్‌జీ అని పిలిచే ఏడు గేర్ల పొడి క్లచ్ డీసీటీలో రివర్స్ సరి గేర్ల వైపు ఉంటుంది. కాబట్టి ఒకటీ మూడూ పడుతూ రెండూ నాలుగూ రివర్సూ పోయాయంటే ఎటు వెతకాలో డ్రైవరే చెప్పగలడు. 2013లో మనకు వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్నది ఈ గేర్‌బాక్సే. అదే ఏడాది మార్చిలో చైనాలో డీఎస్‌జీ లోపాల మీద 3,84,181 బండ్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. నవంబరులో ప్రపంచమంతటా పదహారు లక్షల బండ్లలో సింథటిక్ గేర్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయించారు. వేడీ తేమా ఎక్కువగా ఉండే దేశాల్లో ఆ ఆయిల్ కరెంటు లోపాలకు దారితీసి బండి నడుస్తుండగానే శక్తి పోయేది. చల్లటి దేశంలో పుట్టిన యంత్రం మన ఎండకు ఎలా తట్టుకుంటుందన్న ప్రశ్న ఊహ కాదనడానికి ఇదే రుజువు. ఫోర్డ్ డీసీటీ పవర్‌షిఫ్ట్‌ది ఇంకో కథ. అమెరికాలో 2011 తర్వాతి ఫియెస్టా, ఫోకస్ కార్లు వణకడం, జారడం మీద కోర్టులో పెట్టిన ఉమ్మడి దావా 2020లో పరిష్కారమైంది. అక్కడ చదువుకు వెళ్లిన మన పిల్లలు చవగ్గా దొరికిందని ఆ ఏళ్ల ఫోకస్ ఆటోమేటిక్ కొనబోయే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. నిస్సాన్ సీవీటీల మీదా అమెరికాలో ఇంతే గొడవ. 2003 నుంచి 2010 దాకా వచ్చిన మోడళ్లకు కంపెనీ వారంటీని పదేళ్లకు, 1,20,000 మైళ్లకు పెంచింది. సీవీటీకి నా సలహా చిన్నది: దాని ఆయిల్ దానిదే. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్) పోస్తే లోపలి ఉక్కు బెల్టు పుల్లీ మీద జారి రెండింటినీ గీరేస్తుంది, ఆ తర్వాత బాగుచేయడానికి ఏమీ మిగలదు.

నాలుగో జబ్బు, అంటే లివర్ ఒకచోట గేర్‌బాక్స్ ఒకచోట, అన్నింటికంటే చవకైనది, అన్నింటికంటే ప్రాణాంతకమైనది. లివర్ నుంచి గేర్‌బాక్స్‌కు ఒక కేబుల్ పోతుంది. దాని చివర వేలి గోరంత ప్లాస్టిక్ బుష్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది పెళుసెక్కి పగిలితే లివర్ పీలో ఉన్నా గేర్‌బాక్స్ న్యూట్రల్‌లోనో రివర్స్‌లోనో ఉండిపోవచ్చు. 2022 జూన్‌లో ఫోర్డ్ అమెరికాలో సుమారు 29 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది ఈ బుష్ కోసమే. అంతకు నలభై ఏళ్ల ముందే, 1980లో, పీలో పెట్టిన ఫోర్డ్ బండ్లు రివర్స్‌లోకి జారుతున్నాయన్న ఫిర్యాదుల మీద అక్కడి ప్రభుత్వం విచారణ జరిపి, చివరికి ఓనర్లకు హెచ్చరిక స్టిక్కర్లు పంపడంతో సరిపెట్టింది. దాదాపు రెండు కోట్ల ముప్పై లక్షల బండ్ల సంగతి అది. ఒక స్టిక్కర్‌తో తీరే సమస్య కాదది, అప్పుడూ ఇప్పుడూ. 2016లో సొంత జీప్ గ్రాండ్ చెరోకీ వెనక్కి దొర్లి ఇటుక స్తంభానికి నొక్కేయడంతో నటుడు ఆంటన్ యెల్చిన్ చనిపోయినప్పుడు పీలో పడిందో లేదో తెలియని లివర్ ఎంత పని చేస్తుందో లోకానికి తెలిసింది.

ఎగువ అహోబిలంలో వాలు మీద బండి నిలిపి, పిల్లలు వెనక నుంచి దిగుతుండగా దీన్ని తలచుకోండి. వరుస ఇది: బ్రేకు తొక్కే ఉంచి లివర్ ఎన్‌లోకి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, కాలు కొద్దిగా సడలించి బరువు హ్యాండ్‌బ్రేకు మీద పడిందని చూసి, అప్పుడు పీ. నేరుగా పీలో వేసి కాలు తీస్తే రెండు టన్నుల దాకా ఉండే బండి బరువంతా లోపలి చిన్న కొక్కెం మీద వేలాడుతుంది. చాలా ఏఎంటీల్లో పీ అసలు లేనే లేదు, గేరులో ఉంచి హ్యాండ్‌బ్రేకు వేయడమే. డాష్ మీద కనిపించే అక్షరమూ లివర్ ఉన్న చోటూ ఒకటేనా అని చూసుకోవడానికి అర క్షణం చాలు.

ఇక వాదాలున్న చోటు. 'జీవితకాలం మార్చనక్కర్లేని ఆయిల్' అని కొన్ని కంపెనీలు రాస్తాయి. గేర్‌బాక్స్‌లు తయారు చేసే జెడ్ఎఫ్ కంపెనీయేమో తన ఆటోమేటిక్‌లలో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో మార్చమని చెబుతుంది. తయారు చేసినవాడి మాట వినడమే న్యాయం. మన ఎండలకు, మన ఘాట్‌లకు ఇంకా ముందే మార్చినా తప్పు లేదు. లక్షన్నర కిలోమీటర్లు మార్చకుండా తిప్పిన బండికి కొత్త ఆయిల్ పోస్తే జారడం మొదలవుతుందని చాలా షెడ్లలో అంటారు. అందులో కొంత నిజముంది. అరిగిన క్లచ్‌ల పొడి పాత ఆయిల్‌లో కలిసి కాస్త పట్టు ఇస్తుంటుంది, అది పోతే లోపం బయటపడుతుంది. జబ్బు కొత్త ఆయిల్ తెచ్చింది కాదు, అప్పటికే ఉన్నది. అలాంటి బండికి మెషిన్ పెట్టి అంతా కడిగేయడం వద్దు, కింది బోల్టు విప్పి కారినంత తీసి, అంతే పోసి, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ అలాగే చేయడం మేలు. జారడం ఆపుతుందని డబ్బాలో అమ్మే మందుల మీద నాకు నమ్మకం లేదు. సీళ్లను ఉబ్బించి కొన్నాళ్లు మోసం చేస్తాయి.

దిగేటప్పుడు న్యూట్రల్ వేసి పెట్రోలు మిగిల్చే అలవాటు మన డ్రైవర్లలో ఇంకా పోలేదు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి కాలు తీస్తే పెట్రోలు దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఇంజను తిరగడానికి పెట్రోలు కావాలి. మిగిలేది ఏమీ లేకపోగా ఇంజను పట్టు పోయి బ్రేకులు మాడతాయి. ఎల్, 2 లేదా ఎం స్థానాలు ఉన్నది ఇందుకే, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వాడాలి. అడవిలో ఉన్న పావన నరసింహుని గుడి దారికి మాత్రం సొంత కారుతో పోవద్దు. అది స్థానిక జీపుల దారి, ఆ డ్రైవర్లకు ఆ రాళ్లు పేరుపేరునా తెలుసు.

బండి నిజంగా ఆగిపోతే నోరున్న ప్రతివాడూ చెప్పే ఉపాయం తాడు కట్టి జీపుతోనో ట్రాక్టర్‌తోనో లాగడం. మాన్యువల్‌కు అది చెల్లుతుంది. టార్క్ కన్వర్టర్, సీవీటీ బండ్లలో ఇంజను ఆగితే ఆయిల్ పంపూ ఆగుతుంది, చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు ఎండి ఒరుసుకుంటాయి. చిన్న సోలెనాయిడ్ లోపంతో ఆగిన బండి ఆళ్లగడ్డ చేరేసరికి గేర్‌బాక్స్ మొత్తం పోయిన బండి అవుతుంది. ఏఎంటీ గేరులోనే ఇరుక్కుపోతే చక్రాలే తిరగవు. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ కావాలి. బెంగళూరులో ఫోన్ చేస్తే గంటలో వస్తుంది, అహోబిలానికి నంద్యాల నుంచి రావాలన్నా డెబ్బై కిలోమీటర్లు. కాబట్టి ఇన్సూరెన్స్‌తో వచ్చే రోడ్‌సైడ్ సాయం ఫ్లాట్‌బెడ్ ఇస్తుందా, ఎంత దూరం దాకా ఇస్తుంది అన్నది బయల్దేరే ముందే అడగాలి. అది దొరకనప్పుడు, ముందు చక్రాల మీద నడిచే బండి అయితే ముందు చక్రాలు పైకి లేపి మాత్రమే లాగాలి.

ఈ సంగతులన్నీ కారు కొన్నప్పుడు ఇచ్చే పుస్తకంలోనే ఉంటాయి. ఆ పుస్తకం ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది, సీటు వెనక జేబులో కవరు విప్పకుండా పడి ఉంటుంది. షోరూములో తాళాలు ఇచ్చేటప్పుడు ఫొటో తీసి పూలదండ వేస్తారు. ఆ పావుగంటలోనే ఎత్తులో బండి ఎలా నిలపాలో, ఎలా లాగించాలో తెలుగులో నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టి చదివించాలని కంపెనీలను అడగడానికి మనకు హక్కుంది. కొత్త బండి తీసుకోబోయేవాళ్లు డెలివరీ రోజునే దాన్ని అడగండి, గేర్‌బాక్స్ ఆయిల్ పేరూ మార్చాల్సిన కిలోమీటర్లూ సర్వీసు అడ్వైజర్ చేత ఆ కాగితం మీదే రాయించుకోండి.